‘నంబర్స్’లో లెక్క ఎక్కడ తప్పుతుంది

టీవీలో లెక్కల ప్రొఫెసరు కనబడగానే, ఆ విద్య కాస్త తెలిసినవాళ్ళు చేసే మొదటి పని బొమ్మ ఆపి బోర్డు చదవడం. రాసింది నిజం సమీకరణమేనా, లేక కంటికి నదురుగా ఉంటుందని నాలుగు గ్రీకు అక్షరాలు గీకారా అని చూస్తారు. ‘నంబర్స్’కి ఈ పరీక్ష పెడితే చాలా మంచి మార్కులు వస్తాయి. అమెరికాలో సీబీఎస్ చానెల్లో 2005 జనవరి 23న మొదలై 2010 మార్చి 12న ముగిసిన సీరియల్ ఇది. ఆరు సీజన్లు, 118 ఎపిసోడ్లు. పేరులో ఒక అక్షరం తీసేసి దాని చోట 3 అంకె పెట్టారు. అన్న డాన్ ఎప్స్ లాస్ ఏంజెలెస్ ఎఫ్‌బీఐలో ఏజెంటు, తమ్ముడు చార్లీ గణితం ప్రొఫెసరు. అన్న కేసు తెస్తాడు, తమ్ముడు సూత్రం తీస్తాడు. కాల్‌టెక్ గణిత ప్రొఫెసరు గ్యారీ లోర్డెన్ స్క్రిప్టులకి సలహాదారు. తర్వాత వోల్‌ఫ్రమ్ రిసెర్చ్ వాళ్ళు కూడా ఆ పని చేశారు. అందుకే బోర్డు మీద కనబడేది చాలావరకు అసలైన గణితమే.

కానీ బోర్డు సరిగ్గా ఉన్నంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు. ఒక సూత్రాన్ని వాడాలంటే అది ఏ షరతుల మీద నిలబడిందో చెప్పాలి. ఎన్ని కొలతలు చేతిలో ఉన్నాయో చెప్పాలి. వచ్చిన జవాబు ఎంత అటూఇటూ అవుతుందో కూడా చెప్పాలి. సీరియల్లో ముందుగా ఎగిరిపోయేవి ఇవే. చార్లీ నోట వచ్చే సూత్రం నిజం, దాని వెనకాల వచ్చే “కాబట్టి వాడు ఇక్కడుంటాడు” అన్న వాక్యం మాత్రం చాలాసార్లు చెల్లదు. గణితం గురించి ఇంత శ్రద్ధ పెట్టిన సీరియల్ కాబట్టే ఈ తేడాని గట్టిగా పట్టుకోవాలి. ఏమీ పట్టనివాళ్ళతో ఈ గొడవ పడనక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటుతో మొదలెడదాం. మొదటి సీజన్లో ‘ప్రైమ్ సస్పెక్ట్’ అనే ఎపిసోడ్ ఉంది. 2005 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక గణితజ్ఞుడు రీమన్ పరికల్పనకి నిరూపణ దొరికిందనుకుంటాడు. దుండగులు అతని కూతుర్ని ఎత్తుకుపోయి, ఆ నిరూపణ ఇస్తే పిల్లని వదులుతామంటారు. దానితో ఇంటర్నెట్ రహస్య సంకేతాలన్నీ బద్దలు కొట్టొచ్చని వాళ్ళ లెక్క. రీమన్ పరికల్పన నిజం సమస్యే, 1859 నాటిది, నిరూపిస్తే అమెరికాలోని క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్లిస్తుందన్నదీ నిజమే. అది ప్రధాన సంఖ్యల గురించి మాట్లాడుతుందన్న మాటా, బ్యాంకు సంకేతాలు ప్రధాన సంఖ్యల మీద ఆధారపడతాయన్న మాటా నిజాలే. ఈ నిజాలన్నీ కలిపి కట్టిన కథ మాత్రం నిలబడదు.

ఎందుకో అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పది లక్షల లోపు ప్రధాన సంఖ్యలు 78,498 ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా, లాగరిథమిక్ ఇంటిగ్రల్ అనే సూత్రంతో అంచనా వేస్తే సుమారు 78,628 వస్తుంది. తేడా 130 దాకా. రీమన్ పరికల్పన నిజమైతే ఈ తేడా ఎంత వరకు పెరగొచ్చో ఒక హద్దు గీయొచ్చు. పది లక్షల దగ్గర ఆ హద్దు సుమారు 550. సంఖ్య ఎంత పెద్దదైనా ఇలాంటి హద్దు ఉంటుందని హామీ ఇవ్వడమే ఆ పరికల్పనలో మనకి పనికొచ్చే సారం. అంటే అది ప్రధాన సంఖ్యలు ఎంత చిక్కగా, ఎంత పల్చగా ఉంటాయో చెబుతుంది.

బ్యాంకులు వాడే ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేతం బద్దలవ్వాలంటే కావలసింది వేరే. ఒక పెద్ద సంఖ్య ఇస్తారు. అది రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండూ ఏవో చెప్పాలి. ఊళ్ళో జనాభా లెక్క ఒక్క మనిషి తేడా లేకుండా తెలిసినా, ఫలానా పిల్లాడి తల్లిదండ్రులెవరో ఆ లెక్కలో దొరకదు. ఇక్కడా అంతే. 2005లో బ్యాంకులు మామూలుగా వాడిన 1024 బిట్ల తాళం అంటే 309 అంకెల సంఖ్య. ఆ ఏడాది మే నెలలోనే ఆర్‌ఎస్‌ఏ-200 అనే 200 అంకెల సవాలు సంఖ్యని విడగొట్టారు. ఒక్క కంప్యూటరు మీద చేసుంటే సుమారు 75 ఏళ్ళు పట్టే పని అది. అంత పనీ రీమన్ నిరూపణ ఊసు లేకుండానే జరిగింది.

ఇంకో వాదన ఉంది, నా దృష్టిలో ఇది కథకి ప్రాణాంతకం. రీమన్ నిజమైతే పనిచేసే దొంగ పద్ధతి ఒకటి ఉందనుకుందాం. దాన్ని వాడటానికి నిరూపణ ఎందుకు? నిజమనుకుని ప్రోగ్రాం నడపడమే. విడగొట్టిన రెండు సంఖ్యలూ గుణించి చూస్తే సరిపోయిందో లేదో ఒక్క క్షణంలో తెలుస్తుంది. నిరూపణ కావలసింది గణితజ్ఞుడికి, దొంగకి కాదు. ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చే మిల్లర్ పరీక్ష 1976లో వచ్చింది. దాని కచ్చితత్వం రీమన్ పరికల్పన విస్తృత రూపం మీదే ఆధారపడింది. జనం నిరూపణ కోసం ఆగలేదు. ఆ పరీక్షకి కొంత యాదృచ్ఛికత చేర్చిన రూపం ఇప్పటికీ ప్రతిరోజూ వాడుకలో ఉంది. ఆపైన 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ పరికల్పనా లేకుండానే ఆ ప్రశ్నని త్వరగా తేల్చే పద్ధతి ఇచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. బ్యాంకులు మాత్రం తాళాలు మార్చుకోలేదు, ఎందుకంటే ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చడం ఒక పని, దాన్ని విడగొట్టడం ఇంకో పని. ఎపిసోడ్ రాసేనాటికి ఈ సంగతి రెండేళ్ళ పాతది.

ఎపిసోడ్ పక్షాన ఒక మాట చెప్పొచ్చు. అంత పెద్ద సమస్య తేలితే, తేల్చే దారిలో కొత్త ఉపాయాలు పుడతాయి, వాటిలో ఒకటి సంఖ్యల్ని విడగొట్టడానికీ పనికి రావచ్చు. అది ఆశ అవుతుంది, పథకం అవ్వదు. పిల్లని ఎత్తుకుపోయే మనిషి అలాంటి ఆశ మీద బేరం పెట్టుకోడు. కథకి నిజంగా ప్రధాన సంఖ్యలు కావాలంటే మంచి దారి వేరే ఉంది. 2012లో రెండు పరిశోధక బృందాలు ఇంటర్నెట్‌లో ఉన్న లక్షలాది ఆర్‌ఎస్‌ఏ తాళాలు పోగేసి చూస్తే, వాటిలో కొన్ని ఒకే ప్రధాన సంఖ్యని పంచుకుంటున్నాయని బయటపడింది. రౌటర్ల లాంటి చిన్న పరికరాలు ఆన్ అయిన వెంటనే తాళం తయారుచేస్తాయి. అప్పటికి వాటి దగ్గర సరైన యాదృచ్ఛిక సంఖ్యలు ఉండవు. అందుకే రెండు పరికరాలు ఒకే ప్రధాన సంఖ్య ఎంచుకుంటాయి.

అప్పుడేమవుతుందో చిన్న అంకెలతో చేసి చూడండి. ఒక తాళం 8051, ఇంకోటి 8383. విడివిడిగా చూస్తే రెండింటిలో దేని కారణాంకాలూ చటుక్కున తట్టవు. పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ పాఠంలోని యూక్లిడ్ పద్ధతిలో గ.సా.భా. కట్టండి. 8383 లోంచి 8051 పోతే 332. 8051ని 332తో భాగిస్తే భాగఫలం 24, శేషం 83. 332ని 83తో భాగిస్తే సరిగ్గా 4, శేషం సున్నా. గ.సా.భా. 83. అంటే 8051 అనేది 83, 97ల లబ్ధం, 8383 అనేది 83, 101ల లబ్ధం. మూడే భాగహారాలకి రెండు తాళాలూ విచ్చుకున్నాయి. అంకెలు 309 ఉన్నా ఈ పద్ధతి అంతే చురుగ్గా నడుస్తుంది. ఇది చిన్న పిల్లలకీ చెప్పగలిగిన గణితం, నిజంగా జరిగిన నేరావకాశం, పైగా తెర మీద చూపించడానికి అనువైనది. ఎపిసోడ్ నాటికి ఈ పరిశోధన రాలేదు గానీ, దాని వెనకున్న బలహీనత ఆ రంగంలోవాళ్ళు ఎరిగినదే.

ఇక మొట్టమొదటి ఎపిసోడ్. వరస అత్యాచారాలు చేస్తున్నవాడి ఇల్లెక్కడో నేరస్థలాల మ్యాపు నుంచి కనిపెట్టడం కథ. చార్లీ పచ్చిక మీద నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్‌ని చూపిస్తాడు. తర్వాతి చుక్క ఎక్కడ పడుతుందో చెప్పలేం, పడిన చుక్కల్ని చూసి స్ప్రింక్లర్ ఎక్కడుందో మాత్రం చెప్పగలం అంటాడు. టీవీలో గణితాన్ని ఇంత చక్కగా చెప్పిన పోలికలు తక్కువ. దీని వెనక ఉన్నది కిమ్ రాస్మో సూత్రం. ఆయన వాంకూవర్ పోలీసు డిటెక్టివు, 1995లో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో దీని మీదే డాక్టరేట్ చేశాడు.

సూత్రం మాటల్లో ఇలా ఉంటుంది. మ్యాపుని గళ్ళుగా కోస్తాం. ఒక్కో గడికీ, ప్రతి నేరస్థలం నుంచి దూరం కొలుస్తాం. వీధుల వెంట నడిచినట్టు అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని కూడుతాం, ఏటవాలుగా కొలవం. దూరం పెరిగేకొద్దీ ఆ గడికి వచ్చే మార్కు తగ్గుతుంది. మరీ దగ్గరైనా తగ్గుతుంది, ఎందుకంటే సొంత గుమ్మం ముందు నేరం చేస్తే గుర్తుపడతారన్న భయం ఉంటుంది. ఆ భయం ఉండే ప్రాంతాన్ని బఫర్ అంటారు. అన్ని నేరస్థలాల మార్కులూ కూడితే గడి మొత్తం వస్తుంది.

చేత్తో చేద్దాం. బఫర్ 2 గళ్ళు. దూరం 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మార్కు, ఒకటిని దూరంతో భాగించినంత. 2 లోపైతే, ఒకటిని 4 మైనస్ దూరంతో భాగించినంత. అసలు సూత్రంలో ఘాతాంకాలు ఉంటాయి, చేతిలెక్క కోసం వాటిని 1 అనుకుందాం. నేరస్థలాలు ఐదు: (2,6), (6,8), (8,4), (5,1), (3,3). ఇప్పుడు (5,3) గడికి దూరాలు 6, 6, 4, 2, 2. మార్కులు కూడితే 1.58. (5,5) గడి అన్నిటికీ సరిగ్గా 4 గళ్ళ దూరం, మొత్తం 1.25. (8,6) గడికి దూరాలు 6, 4, 2, 8, 8, మొత్తం 1.17. పోలీసులు (5,3) వైపు వెళ్తారు, (8,6)ని పక్కన పెడతారు.

ఇప్పుడు ఇంకొకడెవడో చేసిన నేరం ఒకటి (7,7) దగ్గర జరిగింది, దాన్నీ వీడి ఖాతాలోనే వేశారనుకోండి. (5,3) మొత్తం 1.75 అవుతుంది. (8,6) మొత్తం 1.67కి ఎగబాకుతుంది. ఇంతకుముందు ఆమడ దూరంలో ఉన్న పేట ఒక్క తప్పు బిందువుతో పక్కకొచ్చి నిలబడింది. సూత్రంలో చిన్న పొల్లు కూడా మారలేదు. నిజమైన కేసుల్లో పని అంతా ఇక్కడే ఉంటుంది. ఏ నేరాలు ఒకే మనిషివి, ఏవి కావు అని తేల్చడం డిటెక్టివు పని, డీఎన్‌ఏ పని. దానికి నెలలు పడుతుంది. ఆ పని అయ్యాకే సూత్రానికి చోటు.

స్ప్రింక్లర్ పోలిక జారిపోయేది కూడా ఇక్కడే. స్ప్రింక్లర్ వేల చుక్కలు చిమ్ముతుంది, మనిషి ఐదారు చోట్లు వదులుతాడు. ఇంత తక్కువ బిందువుల్లో ఎంత సమాచారం ఉంటుందన్న ప్రశ్నకి జవాబు చెప్పినాయన మనవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరూ పిలిచే సి.ఆర్. రావు. తెలుగు ఇంటి బిడ్డ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేశాడు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన రాసిన వ్యాసం నుంచి వచ్చిందే క్రామెర్-రావు హద్దు. ఎంత తెలివైన పద్ధతి వాడినా (నిష్పాక్షిక అంచనా అయినంతవరకు) అందులో పొరపాటు ఒక స్థాయి కంటే తగ్గదని ఆ హద్దు చెబుతుంది. ఆ స్థాయి డేటా పరిమాణం మీద ఆధారపడుతుంది. పొరపాటు సగం కావాలంటే డేటా నాలుగు రెట్లు కావాలి.

దీన్ని సరళమైన నమూనాకి పెట్టి చూద్దాం. నేరాలు ఇంటి చుట్టూ గంట ఆకారంలో పరచుకున్నాయి, ఒక్కో దిశలో ప్రామాణిక విచలనం 4 కిలోమీటర్లు. ఐదు నేరాలుంటే, ఇంటి అంచనాలో ఒక్కో దిశలో పొరపాటు, 4ని 5 వర్గమూలంతో భాగిస్తే, దాదాపు 1.8 కిలోమీటర్లు. అంతే వ్యాసార్ధంతో వృత్తం గీస్తే ఇల్లు అందులో ఉండే అవకాశం 39 శాతం. 95 శాతం నమ్మకం కావాలంటే వ్యాసార్ధం 4.4 కిలోమీటర్లు కావాలి, అంటే 60 చదరపు కిలోమీటర్లు. లాస్ ఏంజెలెస్ లాంటి ఊళ్ళో అంత మేరలో లక్షన్నర మందికి పైగా ఉంటారు. చార్లీ కంటే పెద్ద మేధావి వచ్చినా, ఆ ఐదు బిందువులే చేతిలో ఉంటే ఇంతకంటే చిన్న వృత్తం గీయలేడు. గీశాడంటే, డేటాలో లేని ఊహ ఏదో కలిపాడన్నమాట. ఆ ఊహ మంచిదే కావచ్చు, కానీ దాన్ని పైకి చెప్పాలి.

ఇంత చెప్పాక ఈ ఎపిసోడ్‌కి న్యాయం చెయ్యాలి. కథలో చార్లీ మొదటి లెక్క విఫలమవుతుంది. అతను చూపించిన ప్రాంతంలో వెతికితే నేరస్థుడు దొరకడు. అప్పుడు ఇల్లు ఒక్కటే కేంద్రం అనుకోవడం తప్పని గ్రహించి, ఇల్లూ పనిచేసే చోటూ రెండు కేంద్రాలుగా పెట్టి మళ్ళీ కడతాడు. మొత్తం సీరియల్లో గణితానికి అత్యంత నిజాయితీగా ఉన్న దృశ్యాల్లో ఇదొకటి. నమూనా తప్పింది, ఏ షరతు దగ్గర తప్పిందో వెతికాడు, షరతు మార్చాడు. గణితాన్ని నిజంగా వాడేవాళ్ళ రోజు ఇలాగే గడుస్తుంది.

‘అన్‌సర్టెన్టీ ప్రిన్సిపుల్’ ఎపిసోడ్‌లో భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్‌ని బ్యాంకు దొంగల దగ్గరికి లాక్కొచ్చారు. చూడటం వల్ల చూడబడేవాడి ప్రవర్తన మారుతుందని చెప్పడానికి. పోలీసులు కాపు కాస్తున్నారని దొంగలకి తెలిస్తే దారి మార్చుకుంటారన్నది నిజమే, దానికి క్వాంటం భౌతికశాస్త్రం అక్కర్లేదు. హైసెన్‌బర్గ్ చెప్పింది స్థానం, ద్రవ్యవేగం రెండింటి వ్యాప్తుల లబ్ధానికి కింది హద్దు ఉందని. ఎవరూ చూడకపోయినా ఆ హద్దు ఉంటుంది. అదే ఎపిసోడ్‌లో చార్లీ దెబ్బతిన్న మనసుతో పీ వర్సెస్ ఎన్‌పీ సమస్య (జవాబు త్వరగా సరిచూడగలిగిన ప్రతి సమస్యనీ త్వరగా పరిష్కరించగలమా అన్న ప్రశ్న) ముందేసుకుని కూర్చోవడం, మైన్‌స్వీపర్ ఆటని దానికి ముడిపెట్టడం మాత్రం సరైనవే. మైన్‌స్వీపర్ ఎన్‌పీ-కంప్లీట్, అంటే ఆ కోవలో అన్నిటికంటే కష్టమైనవాటిలో ఒకటి, అని రిచర్డ్ కే 2000లో నిరూపించాడు.

‘మ్యాన్ హంట్’లో చార్లీ మాంటీ హాల్ సమస్య చెబుతాడు. మూడు తలుపులు, ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు. మీరు ఒకటి ఎంచుకున్నాక నిర్వాహకుడు మేక ఉన్న ఇంకో తలుపు తీసి, మార్చుకుంటారా అంటాడు. మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. జవాబు సరైనదే, కానీ దాని బలమంతా ఒక షరతులో ఉంది. కారెక్కడుందో నిర్వాహకుడికి తెలిసుండాలి, కావాలనే మేక తలుపు తియ్యాలి. తెలియకుండా గుడ్డిగా తీస్తే, మూడింట ఒకసారి కారే బయటపడి ఆట ముగుస్తుంది. మిగిలిన వాటిలో ఉన్న తలుపు గెలిచేది మూడింట ఒకసారి, మార్చిన తలుపు గెలిచేదీ మూడింట ఒకసారి. అంటే సగం సగం. కళ్ళకి కనిపించే దృశ్యం రెండిట్లోనూ ఒకటే, జవాబు వేరు. క్లాసులో ఈ లెక్క చెప్పే టీచర్లందరూ ముందు ఈ షరతు బోర్డు మీద రాయాలి.

బెన్‌ఫర్డ్ నియమం 2006లో ‘ది రన్నింగ్ మ్యాన్’లో వచ్చింది, దోపిడీల సందర్భంలో. సహజంగా పుట్టిన సంఖ్యల్లో మొదటి అంకె 1 అయ్యేవి 30.1 శాతం, 2 అయ్యేవి 17.6 శాతం, అలా తగ్గుతూ 9 దగ్గర 4.6 శాతం. పన్ను ఎగవేతలు పట్టడానికి ఆడిటర్లు నిజంగా వాడతారు. వాడే ముందు రెండు చూస్తారు. మొదటిది, సంఖ్యలు పదుల నుంచి లక్షల దాకా విస్తరించి ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ పిన్‌కోడ్లు తీసుకుంటే అన్నీ 5తోనే మొదలవుతాయి. అందులో మోసం వెతకడం దండగ. రెండోది, సంఖ్యలు చాలా ఉండాలి. 30 సంఖ్యలే ఉంటే 1తో మొదలయ్యేవి 9 రావాలి, మామూలు ఊగిసలాటే రెండున్నర అటూఇటూ. 6 వచ్చినా 12 వచ్చినా అనుమానించడానికి లేదు. 9తో మొదలయ్యేవి ఒకటో రెండో రావాలి, ఒక్కటీ రాకపోయినా వింత కాదు. కొన్ని దోపిడీల మీద ఈ నియమం పెట్టి ఎవడో ఏదో దాస్తున్నాడని చెబితే నమ్మకూడదు. వేల పద్దులున్న లెడ్జరు మీద చెబితే నమ్మొచ్చు, అప్పుడు కూడా వెతకడం మొదలెట్టే చోటుగానే.

మసక వీడియోని ‘పెంచి’ నంబరు ప్లేటు చదివేయడం ఈ తరహా సీరియళ్ళన్నిటికీ ఉన్న జబ్బు. సీరియల్ నాటి కాలిఫోర్నియా కారు ప్లేటు మీద ఏడు గుర్తులుండేవి: ఒక అంకె, మూడు అక్షరాలు, మూడు అంకెలు. మొత్తం 17 కోట్ల 57 లక్షల 60 వేల అవకాశాలు. వీడియోలో ప్లేటు వెడల్పు 12 పిక్సెల్సే అయితే ఒక్కో అక్షరానికి రెండు పిక్సెల్స్ కూడా దక్కవు. 8కీ 3కీ ‘బి’కీ తేడా ఆ రెండు చుక్కల్లో లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తియ్యలేదు, ఊహించి గీయగలదంతే.

నిజంగా ఏం సాధ్యమో చెప్పే కేసు కూడా లాస్ ఏంజెలెస్‌దే. 1992 ఏప్రిల్ 29న అల్లర్లలో ఒక లారీ డ్రైవర్‌ని కిందికి లాగి కొట్టారు, హెలికాప్టర్ నుంచి తీసిన వీడియో ఉంది. కొట్టినవాళ్ళలో ఒకడి చేతి మీద చిన్న మచ్చ లాంటిది, మొత్తం బొమ్మలో 6,000వ వంతు కూడా లేనిది, కనిపించింది. లియోనిడ్ రూడిన్, స్టాన్లీ ఓషర్ తయారుచేసిన పద్ధతితో దాన్ని శుభ్రం చేస్తే గులాబీ పచ్చబొట్టులా తేలింది. అనుమానితుడి చేతి మీద గులాబీ పచ్చబొట్టు ఉంది. ఇక్కడ గణితం అడిగిన ప్రశ్న చాలా చిన్నది: ఇది మరకా, ఫలానా ఆకారమా? కోట్లాది అవకాశాల్లోంచి ఒకటి ఎంచమనడం కంటే అది ఎంతో తేలిక. సీరియల్ ఈ తేడా చూపించి ఉంటే ఉత్కంఠ తగ్గేది కాదు.

సీరియల్ తన ధోరణికి ఎదురు తిరిగి రాసిన ఎపిసోడ్ ఒకటుంది, ‘ఐడెంటిటీ క్రైసిస్’. వేలిముద్ర సరిపోయిందని జైలుకి పంపిన మనిషి నిజంగా దోషేనా అని డాన్‌కి సందేహం వస్తుంది. వేలిముద్రల నిపుణురాలిని చార్లీ అడుగుతాడు, పొరపాటుగా సరిపోయే సంభావ్యత ఎంత అని. సరైన జవాబు లేదు, ఎందుకంటే ఆ అంకె ఎవరూ కొలవలేదు. ఇద్దరి వేలిముద్రలు ఒకేలా ఉండవన్నది ఒక మాట. మసకగా పడిన అరముద్ర ఇంకెవరి ముద్రతోనూ పొరబడే వీల్లేదన్నది వేరే మాట, అది కొలిచి తేల్చాల్సిన సంగతి. ఎపిసోడ్ వచ్చింది 2005 ఏప్రిల్‌లో. అంతకు ఏడాది ముందే నిజం కేసు నడిచింది. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాక, డిటొనేటర్లున్న ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్రని ఎఫ్‌బీఐ తన కంప్యూటర్లో వెతికింది. అది దగ్గరగా ఉన్న 20 మందిని ఇచ్చింది. జాబితాలో నాలుగోవాడు ఓరెగాన్‌కి చెందిన ఒక న్యాయవాది. నూటికి నూరు శాతం అతనిదే అన్నారు నిపుణులు, అరెస్టు చేశారు. స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరే మనిషిదని చూపించాక వదిలేసి క్షమాపణ చెప్పారు.

అరముద్ర పొరబాటున సరిపోయే అవకాశం పది లక్షల్లో ఒకటే అనుకుందాం. వినడానికి కొండంత నమ్మకం. కానీ 4 కోట్ల మంది ముద్రలున్న భాండాగారంలో వెతికితే, ఏ సంబంధమూ లేనివాళ్ళు 40 మంది సరిపోతారు. అసలు దోషి అందులోనే ఉన్నా, దొరికిన 41 మందిలో ఒక్కడు. వేరే సాక్ష్యం మీద ముందే అనుమానించిన మనిషి ముద్ర సరిపోవడం, కోట్లలోంచి వల వేసి పట్టినవాడి ముద్ర సరిపోవడం ఒకటి కావు. ‘మ్యాచ్ దొరికింది’ అన్న డైలాగు తర్వాత ‘ఎన్నిట్లో వెతికితే?’ అన్న ప్రశ్న రావాలి. సీరియల్లో అది ఈ ఎపిసోడ్‌కే పరిమితమైపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చార్లీ మార్కు అంచనాలు ఆ తర్వాత అదే ఊళ్ళో ఉద్యోగంలో చేరాయి. భూకంపం తర్వాత వచ్చే ప్రకంపనల నమూనాని దొంగతనాలకి మార్చి, రేపు ఏ వీధిలో నేరం జరగొచ్చో చెప్పే సాఫ్ట్‌వేరు లాస్ ఏంజెలెస్ పోలీసులు కొన్నేళ్ళు వాడారు, 2020లో ఆపేశారు. సమీకరణాలు గౌరవనీయమైన పత్రికల్లో అచ్చైనవే. కానీ లోపలికి వెళ్ళేది నమోదైన నేరాలు, అంటే పోలీసులు ఎక్కడ ఎక్కువ తిరిగితే అక్కడ ఎక్కువ నమోదయ్యేవి. సాఫ్ట్‌వేరు ఆ వీధికే మళ్ళీ పంపుతుంది, అక్కడే ఇంకొన్ని నమోదవుతాయి. ఇదీ బోర్డు మీద కనబడని తప్పే.

ఈ రకం తప్పుని బహిరంగంగా సరిదిద్దిన లెక్క ఒకటుంది. అదీ లాస్ ఏంజెలెస్‌దే. 1964 జూన్‌లో శాన్ పెడ్రోలో ఒక ముసలావిడ పర్సు లాక్కుపోయారు. పోనీటెయిల్ ఉన్న తెల్లజాతి యువతి పరిగెత్తి, గడ్డం మీసం ఉన్న నల్లజాతి మనిషి నడుపుతున్న పసుపు కారెక్కిందని సాక్షులు చెప్పారు. అలాంటి ఒక జంట దొరికింది. ప్రాసిక్యూటరు ఒక గణితం లెక్చరర్ని పిలిపించి, జ్యూరీ ముందు అంకెలు పెట్టాడు. పసుపు కారు పదింట ఒకటి, మీసం నాలుగింట ఒకటి, పోనీటెయిల్ పదింట ఒకటి, బంగారు జుట్టు మూడింట ఒకటి, గడ్డమున్న నల్లజాతి మగవాడు పదింట ఒకటి, కారులో అలాంటి మిశ్రమ జంట వెయ్యింట ఒకటి. గుణిస్తే కోటీ 20 లక్షల్లో ఒకటి. శిక్ష పడింది.

గుణకారం తప్పు కాదు. అంకెలే గాల్లోంచి వచ్చాయి. వేటికవి స్వతంత్రమన్న షరతు కూడా లేదు, గడ్డమున్నవాడికి మీసం ఉండటం మామూలే. అన్నిటికీ మించి, వేరే జంట ఏదైనా ఇలా ఉండొచ్చా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, పీపుల్ వర్సెస్ కాలిన్స్ కేసులో ఆ శిక్ష కొట్టేస్తూ, తీర్పు చివర గణితం అనుబంధంగా పెట్టింది. ప్రాసిక్యూటరు అంకె అక్షరాలా నిజమే అనుకుందాం, ఆ ప్రాంతంలో కోటీ 20 లక్షల జంటలున్నాయనుకుందాం. అలాంటి జంట కనీసం ఒకటి ఉందని తెలిశాక, రెండోది కూడా ఉండే సంభావ్యత ఎంత? న్యాయమూర్తులు లెక్క కట్టి రాసిన జవాబు, సుమారు 41 శాతం.